మిరియంతో తొమ్మిది రోజులు

మా కుక్క మిరియంతో తొమ్మిది రోజులు తిరిగి ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. సోఫా కింద ఊడిస్తే ఇంకా సూర్యలంక బీచ్ ఇసుక వస్తోంది. మావారి లెక్కల పుస్తకం పక్కనే ఉంది కాబట్టి అంకెలతో పేచీ లేదు. మిగతాది మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మావారు అక్టోబరులో రిటైరయ్యారు. ముప్పయ్యేళ్లు అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసిన మనిషి. వచ్చే చలికాలం తొంభై రోజులు రాజస్థాన్ దాకా తిరిగి రావాలని ఆయన కోరిక. దానికి అడ్డం మిరియం. తొమ్మిదేళ్ల కిందట మా విజయవాడ పటమటలో కాలవ గట్టున దొరికిన నల్ల ఊరకుక్క. ఇప్పుడు ఇరవై రెండు కిలోలు. లిఫ్టంటే భయం, టపాకాయలంటే భయం, మేమిద్దరం ఒకేసారి చెప్పులేసుకుంటే ఇంకా భయం.

మా పశువుల డాక్టరు దగ్గర కుక్కల బోర్డింగ్ ఉంది. రోజుకు 600, తొంభై రోజులకు 54,000. మొన్న మా అబ్బాయి పెళ్లికి నాలుగు రోజులు అక్కడ వదిలితే అన్నం ముట్టలేదు. మేం వచ్చాక రెండు రోజులు మా వంక చూడలేదు. ఆ దారి మూసుకుపోయింది. రైల్లో కుక్కను మనతో ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీయే దిక్కు. అందులోనూ రెండు బెర్తుల కూపేనో నాలుగు బెర్తుల క్యాబినో మొత్తం మన పేరునే ఉండాలి. కూపే ఇచ్చారో లేదో చార్టు తయారయ్యేదాకా తెలీదు. ఇవ్వకపోతే గార్డు బోగీలో కుక్కల పెట్టె ఉంటుంది. టపాకాయకే మంచం కింద దూరేదాన్ని ఆ ఇనప పెట్టెలో వేసి నేను ఏసీలో పడుకుంటానా?

ఇలా ఉండగా డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్లో ఆర్వీ గురించి చెప్పాడు, అంటే మంచం, వంటగట్టు, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే ఇల్లులాంటి వ్యాను. వాడు కుక్కనీ పిల్లల్నీ ఎక్కించుకుని రెండు వారాలు తిరిగొచ్చాడట. మావారు ఆ రాత్రి ఒంటిగంట దాకా యూట్యూబ్ చూశారు.

ఆటోనగర్

మర్నాడే నన్ను ఆటోనగర్ తీసుకెళ్లారు. లారీలకు బాడీలు కట్టే షెడ్డు. వెల్డింగ్ చప్పుళ్లలో మేస్త్రి గట్టిగా అరిచి చెబుతున్నాడు. "పాత టెంపో ట్రావెలర్ మీరే కొనుక్కురండి సార్. మంచం, ఫ్యాన్లు, నీళ్ల ట్యాంకు, వంటగట్టు, ఇన్వర్టరు అన్నీ కలిపి నాలుగున్నర లక్షలవుద్ది. టాయిలెట్ కావాలంటే ఇంకో లక్ష. ఆర్సీలో మార్పు రాయించుకోవాలి. ఆర్టీవో ఆఫీసువాళ్లు ఒప్పుకోకపోతే నేను కట్టిందంతా దండగ." పాత బండికే పది లక్షలు చూసుకోమన్నాడు. మావారు తలూపుతూ రాసుకుంటున్నారు.

"ఏడాదికి ఎన్ని రోజులు తిరుగుతారు సార్?"

"తొంభై."

"మిగతా రెండొందల డెబ్బై అయిదు రోజులు ఎక్కడ పెడతారు?"

మా అపార్ట్‌మెంట్ సెల్లార్ బీము నా చెయ్యెత్తితే తగులుతుంది. మావారు పెన్ను మూత పెట్టేశారు.

కొనే మాట అక్కడితో పోయింది గానీ వ్యాను మోజు పోలేదు. చివరికి నేనే ఒక దారి చెప్పాను. తొంభై రోజులకు ముందు తొమ్మిది రోజులు రిహార్సల్ వేద్దాం. మూడు రోజులు అద్దె వ్యాను, మూడు రోజులు మన కారులో లాడ్జీలు, మూడు రోజులు ఏదైనా ఊళ్లో ఇల్లు. పండగ రద్దీ తగ్గాక, గుంటూరు చుట్టుపక్కలే.

జనవరి 19, సోమవారం: పటమట నుంచి గుంటూరు

వ్యాను హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణించి ఏడింటికి వచ్చింది. డ్రైవరు నల్లగొండ వైపు కుర్రాడు. వీధి మొదట్లోనే ఆగిపోయాడు. "గీ గల్లీల పట్టది సార్. పైన వైర్లు చూడున్రి." చూశాం. కేబుల్ వైర్లు ఉయ్యాల తాళ్లలా వేలాడుతున్నాయి. సామానంతా మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్లాం. పై ఫ్లోర్ ఆంటీ బాల్కనీ లోంచి "ఇల్లు మారుతున్నారా?" అని అడిగారు.

మిరియం వ్యాను మెట్ల దగ్గర నాలుగు కాళ్లూ పాతేసింది. లోపల్నుంచి ఫినాయిల్ వాసన. మారీ బిస్కట్లు అయిపోయాయి. చివరికి మావారే ఎత్తుకుని ఎక్కించారు, నడుం పట్టుకుంటూ.

ప్రకాశం బ్యారేజీ మీదకు పెద్ద బండ్లను రానివ్వరు కాబట్టి కనకదుర్గ వారధి మీదుగా వెళ్లాం. మంగళగిరిలో పానకం తాగుదామనుకున్నాం. బండి ఆపే చోటు దొరకలేదు. కొండకు బండిలోంచే దణ్ణం పెట్టుకుని సాగిపోయాం. ఈ చోటు దొరక్కపోవడం మూడు రోజులూ మా వెంటే ఉంది.

గుంటూరులో భోజనం బ్రాడీపేటలో, మావారి పిన్ని కొడుకు ఇంట్లో. బ్రాడీపేట ఎంత పద్ధతైన పేట! నిలువు వీధికో నంబరు, అడ్డరోడ్డుకో నంబరు, రెండంకెలు చెబితే ఇల్లు దొరికేస్తుంది. ఫోన్లో మ్యాప్ మాత్రం మమ్మల్ని మూడు వంతెనల వైపు తిప్పింది. రైలు పట్టాల కింది దారి. వ్యాను ఎత్తు పదడుగులు. డ్రైవరు బ్రేకేసి కిందికి దిగి, కమాను వంక, బండి టాపు వంక మార్చి మార్చి చూశాడు. వెనక పది ఆటోలు, ఒకటే హారన్లు. ఒక ఆటో ఆయన దిగొచ్చి, "ఎవరు చెప్పారయ్యా నీకు ఇటు రమ్మని? రివర్సు, రివర్సు" అంటూ మా వెనక నిలబడి, అందర్నీ వెనక్కి నెట్టించి, పావుగంటలో బయటపడేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "లోపల కుక్కుందా? ఏసీలోనా?" అని అద్దంలోంచి చూసి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రెండున్నరకు గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, నెయ్యి. మా తోటికోడలు ఎప్పట్లాగే "ఇంకో ముద్ద" అంటూ లేవనివ్వలేదు. డ్రైవరుకి కూడా పక్కనే విస్తరేసింది. గోంగూర ఒక ముద్ద తినగానే అతని కళ్లలో నీళ్లు. "మీ గుంటూరోళ్లకు కడుపు గాదు మేడం, బాయిలర్" అన్నాడు.

సూర్యలంక, ఆ రాత్రి

పొన్నూరు, బాపట్ల దాటి సూర్యలంక చేరేసరికి పొద్దు గుంకుతోంది. ఇక్కడే మిరియం మొదటిసారి సముద్రం చూసింది. అల వెనక్కి వెళ్తుంటే తరిమింది. అల ముందుకొస్తే తోక ముడుచుకుని మావారి కాళ్ల మధ్య దూరింది. అరగంట అదే ఆట. నేను రాజస్థాన్ మర్చిపోయాను.

చీకటి పడ్డాక బీచ్ దగ్గర బండి ఉంచొద్దని పోలీసాయన మర్యాదగానే చెప్పాడు. సరుగుడు తోటల పక్కన టీకొట్టు నడిపే ఆవిణ్ణి అడిగాం. ఆవిడ ముందు బండినీ తర్వాత మిరియాన్నీ చూసింది. "మూడొందలియ్యండి. మా దొడ్లో పెట్టుకోండి. కరుస్తదా?"

"కరవదండీ."

"అయితే దాన్నే మా కుక్కలు కరుస్తయ్యేమో చూసుకోండి."

వ్యానులో ఏసీ బ్యాటరీ మీద రెండు గంటలే నడుస్తుంది. ఆ పైన బయటి కరెంటు కావాలి. ఆవిడ కొట్లోంచి వైరు లాగి ప్లగ్గు పెట్టాడు డ్రైవరు. ఏసీ గురగురమంది, టప్పుమని చప్పుడైంది, కొట్లో బల్బు పోయింది, పక్క రెండిళ్లల్లో టీవీలు పోయాయి. చీకట్లోంచి ఆవిడ గొంతు: "ఏందమ్మా, ఊరంతా తీసేశారు!" ఒకాయన స్తంభం దగ్గరకెళ్లి ఫ్యూజు వేసొచ్చాడు. ఆ తర్వాత ఏసీ మాటెత్తలేదు.

ఆవిడే అన్నం వండి పెట్టింది. నెత్తళ్ల పులుసు, వంజరం వేపుడు. మనిషికి 150. నెత్తళ్ల పులుసులో మామిడికాయకు బదులు చింతపండే వేసింది గానీ చివర్లో దంచిన వెల్లుల్లి పడింది. ఆ వాసన ఇప్పటికీ నా పమిటకుంది. మిరియానికి ఉప్పూ కారం లేకుండా రెండు ముక్కలు ఉడికించి, ముల్లు తీసి మరీ ఇచ్చింది. డబ్బులు అడగలేదు.

రాత్రి కిటికీ తీస్తే దోమలు, మూస్తే ఉక్క. జాలీ ఒక మూల చిరిగిపోయి ఉంది. పన్నెండు దాటాక బీచ్ కుక్కలు నాలుగు వ్యాను చుట్టూ చేరి సంగతేంటని అడిగాయి. మిరియం పై బెర్తు మీదెక్కి జవాబు చెప్పింది. ఈ సంభాషణ రెండింటి దాకా సాగింది. అప్పుడు దానికి బయటికి వెళ్లాలనిపించింది. మెట్లు దిగనంది. ఇరవై రెండు కిలోలు, చీకట్లో, నైటీలో, ఎత్తుకుని దింపింది నేనే. ఆయన గురక పెడుతున్నారు.

తెల్లారాక అసలు పని. వ్యాను టాయిలెట్ కింద ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, నిండాక ఖాళీ చెయ్యాలి. "గది మీరే జేస్కోవాలె సార్, మా ఓనరు ముందే జెప్పిండు" అన్నాడు డ్రైవరు, చూపు తిప్పుకుని. మావారు తువ్వాలు ముక్కుకు కట్టుకుని ఆవిడ దొడ్డి వెనక మరుగుదొడ్డికి మోసుకెళ్లారు. లెక్కల పుస్తకంలో ఆ రోజు మొదటి పద్దు: సబ్బు, 40.

తమ్ముడికి ఫోన్ చేసి తిట్టాను. వాడు తాపీగా చెప్పాడు: అక్కడ ఆర్వీ పార్కులుంటాయట. ఒక్కో బండికి ఒక్కో చోటు. ప్లగ్గు పెట్టుకోడానికి కరెంటు, నీళ్ల కుళాయి, మురుగు పోయే పైపు, అన్నీ ఆ చోట్లోనే. "పార్కుల్లేకుండా ఆర్వీ ఏంటక్కా? అది వట్టి మంచమున్న లారీ" అన్నాడు. ముందే చెప్పొచ్చుగా.

జనవరి 20, 21: ఓడరేవు, తిరుగుదారి

చీరాల ఓడరేవులో రెండో రాత్రి మొదటి రాత్రిలాగే గడిచింది, కుక్కలు మాత్రం ఆరు. ఇంకో దొడ్డి, ఇంకో మూడొందలు. పెద్దగా రాయడానికేం లేదు, ఒక్క తేగల సంగతి తప్ప. బాపట్ల దారిలో ఒకామె కుండలో కాల్చిన తేగలు కట్టలు కట్టి అమ్ముతోంది. కట్ట యాభై. పక్కనే తాటిటెంకలు కొట్టి బుర్రగుంజు తీస్తోంది, తెల్లగా, దూదిలా, తియ్యగా. మిరియం మా చేతిలో బుర్రగుంజు ముక్క వాసన చూసి మింగేసి, ఆ టెంకల కుప్ప దగ్గర కూలబడి ఇక కదలనంది. అమ్మే ఆమె నవ్వి ఖాళీ టెంక ఒకటి విసిరింది. దాన్ని ముందుకాళ్ల మధ్య బిగించి పట్టుకుని, పీచు పళ్లతో పీకుతూ, విజయవాడ వచ్చేదాకా వ్యానులో అదే పని. మూడు రోజుల్లో అది కిమ్మనకుండా కూర్చున్నది ఆ టెంక ఉన్నంతసేపే. ఖరీదు సున్నా.

21 సాయంత్రం వ్యాను వెళ్లిపోయింది. మావారు లెక్క చదివారు. అద్దె రోజుకు 8,500 చొప్పున 25,500. డ్రైవరు బత్తా 2,100. కుక్క ఎక్కినందుకు కడిగే ఖర్చని 2,000. డీజిల్ 9,200. అందులో హైదరాబాద్ నుంచి రావడానికీ పోవడానికీ, అంటే మేం ఎక్కని కిలోమీటర్లకే, దగ్గర దగ్గర 5,900. టోల్ గేట్లు 1,450. దొడ్లకు 600. తిండీ టీలూ సబ్బూ 2,350. మొత్తం 43,200, అంటే రోజుకు 14,400.

"తొంభై రోజులైతే రానూపోనూ డీజిల్ పరుచుకుంటుంది, తక్కువ పడుతుంది" అని ఆయన వ్యాను తరఫున వాదించారు. నిజమే. నెల దాటితే రోజుకు ఆరు వేలకే ఇస్తానని ఓనరు కూడా అన్నాడు. అదే అయిదు లక్షల నలభై వేలు, డీజిల్ పోయకముందే. ఆ డబ్బాలో పడేది మళ్లీ ఆయనే మొయ్యాలి.

జనవరి 22, గురువారం: కోటప్పకొండ

మన కారు. మిరియం తలుపు తియ్యగానే ఎగిరి వెనక సీట్లో పడి నిట్టూర్చింది. దానికి తెలిసిన వాసన.

నరసరావుపేట దారిలో పొలాల్లో అక్కడక్కడా అప్పుడే మొదటి కోత మిరపకాయలు కల్లాల్లో ఆరబోశారు. దూరం నుంచి ఎర్ర దుప్పటి పరిచినట్టుంది. అద్దం కాస్త దించామో లేదో మిరియం తుమ్ములు మొదలుపెట్టింది. లెక్కపెడితే పదకొండు.

కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. ఘాట్ రోడ్డు మీద పైకి వెళ్లాం. గుళ్లోకి కుక్కతో వెళ్లలేం, జనవరైనా మిట్టమధ్యాహ్నం కారు మూసి దాన్ని లోపల వదల్లేం. అద్దాలు మూసిన కారు ఎండలో పావుగంటలో పొయ్యి అవుతుంది. అంచేత వంతులు. నేను త్రికోటేశ్వరుణ్ణి చూసొచ్చేదాకా ఆయన చెట్టుకింద గొలుసు పట్టుకుని కూర్చున్నారు. ఆయన వెళ్తే నేను. పులిహోర ప్రసాదం కూడా వంతులవారీగానే. ఆ చెట్టు మీద నిజంగానే కాకి కనబడలేదు. ఆ నలభై నిమిషాలూ నాకు చూడ్డానికి వేరే ఏముంది గనక!

సాగర్‌లో గది వేట

సాగర్ కుడిగట్టున, విజయపురి సౌత్‌లో, సాయంత్రం అయిదింటికి మొదలైన గది వేట ఎనిమిదింటికి ముగిసింది. మొదటి లాడ్జిలో కారు దిగకముందే చెయ్యి ఊపేశారు. రెండో చోట "కరుస్తదా?" అని అడిగి, కరవదన్నా "వద్దులే సార్" అన్నారు. మూడోది ఫోన్లో పెంపుడు జంతువులకు అనుమతి ఉందని రాసుకున్న చోటు. పొద్దునే ఫోన్ చేసి అడిగాం కూడా. తీరా మిరియాన్ని చూశాక మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. "పెట్ అంటే చిన్న బొచ్చుకుక్క అనుకున్నాం మేడం. ఇది ఊరకుక్క కదా."

నాకు తిక్కరేగింది. ఇంగ్లీషు పేరూ రెండువేల షాంపూ ఉంటే గది, లేకపోతే లేదన్నమాట. మిరియానికి టీకాలన్నీ ఉన్నాయి, పుస్తకం తీసి కౌంటరు మీద పెట్టాను. ఆ పుస్తకం వంక కూడా చూడలేదు. మావారు నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు.

నాలుగోచోట ఒప్పుకున్నారు. గది 2,800, కుక్కకు 500. తెల్ల దుప్పట్లు తీసేసి పాతవి వేశారు. అదీ మంచిదే, నాకు టెన్షన్ తగ్గింది. హోటల్లోకి వెళ్లలేం కాబట్టి మూడు రోజులూ పార్సిళ్లే. రోడ్డు పక్క బండి దగ్గర బొచ్చె చేప ముక్కల వేపుడు కాగితంలో కట్టించుకుని, కారు బానెట్ మీద పెట్టుకుని తిన్నాం. వేడివేడిగా, కరకరలాడుతూ, నిమ్మకాయ పిండుకుని. చుట్టూ తిరిగే పిల్లి మీద తప్ప మిరియం దృష్టి దేనిమీదా లేదు.

జనవరి 23, 24: ఎత్తిపోతల, మాచర్ల

డ్యామ్ దూరం నుంచి చూశాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. మా మామగారు ఆ తర్వాతి సంవత్సరాల్లో కుడికాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరు. జవహర్ కాలువ అని ఇప్పుడు బోర్డులుంటాయి గానీ ఆయన నోట ఎప్పుడూ "మా కాలవ"నే. మావారు కాలువ గట్టు మీద చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. నాగార్జునకొండ లాంచీ వదిలేశాం. ఒకళ్లు వెళ్లొచ్చేసరికే పూట గడిచిపోతుంది, ఇక రెండో వంతు ఎక్కడిది?

ఎత్తిపోతల దగ్గర టికెట్ అబ్బాయి "దానికి టికెట్ లేదండీ, గొలుసు వదలొద్దు, కింద మొసళ్లున్నయ్యి" అన్నాడు. పైనుంచి చూస్తే చంద్రవంక డెబ్బై అడుగులు దూకుతోంది. మిరియం కడ్డీల సందులోంచి ముక్కు పెట్టి, ఆ తడిగాలి పీలుస్తూ, తోక నేలకు కొట్టింది. మొసళ్ల పెంపకం కూడా అక్కడే ఉందని నాకు తెలుసు, దానికి తెలీదు.

ఆ రాత్రి చెవి వెనక తడిమితే పిడుదులు. ఏడు. సూర్యలంక గడ్డి ఇచ్చిన బహుమతి. తిరిగొచ్చేటప్పుడు మాచర్లలో పశువుల మందుల షాపు వెతికి మాత్ర కొన్నాం, 950. మందుల షాపాయన కాగితంలో పొట్లం కడుతూ, "మా ఇంట్లోనూ మూడున్నయ్యండీ, అన్నీ ఇట్టాంటియ్యే" అన్నాడు. లాడ్జి మేనేజరు మీద కోపం అక్కడ సగం దిగింది.

పెట్రోలు 2,870, గది రెండు రాత్రులకు 6,600, టోలు 300, పార్సిళ్లు 2,700, మాత్ర 950. మొత్తం 13,420. రోజుకు నాలుగున్నర వేల లోపు. వ్యానులో మూడో వంతు కూడా కాదు. కానీ ఆ రెండు రాత్రులూ తలుపు బయట అడుగుల చప్పుడు వినబడితే చాలు, అది మొరుగుతుందేమోనని నేను దాని మూతి మీద చెయ్యేసి పడుకున్నాను.

జనవరి 25 నుంచి 27: అమరావతి

బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా వెళ్లాం. గుహల దగ్గర మళ్లీ వంతులు. పై అంతస్తులో పడుకుని ఉన్న అనంతపద్మనాభుణ్ణి ఎవరి మటుకు వాళ్లం చూసి, కారెక్కాక ఒకరికొకరం వర్ణించుకున్నాం.

అమరావతిలో ఇల్లు మావారి ఆఫీసు అటెండరు అత్తగారిది. రెండు గదుల పోర్షన్, ముందు వేపచెట్టు, చెట్టు కింద నవారు మంచం. రోజుకు వెయ్యి, గ్యాస్ మేం పెట్టుకోవాలి. ఇంటావిడ మామ్మగారికి డెబ్బై దాటాయి. మిరియాన్ని చూసి నడుం మీద చేతులేసుకుంది.

"ఏంటమ్మాయ్ దాని పేరు?"

"మిరియం అండీ."

"మిరపకాయల జిల్లాలో మిరియమేంటి!" అని, వెంటనే, "మా వంటింటి గడప దాటనివ్వకండి. నాకు మడి" అంది.

మొదటి రోజు అది గేటు దగ్గరే పడుకుంది. నేను బజారుకెళ్లి పాలు, వంకాయలు, కందిపప్పు తెస్తే వండుకున్నాం. ఎన్నాళ్లకో కూర్చుని కంచంలో తిన్నట్టనిపించింది. సాయంత్రం కృష్ణ ఒడ్డుకు నడిస్తే ముగ్గురం కలిసే నడిచాం. దూరంగా నూట పాతిక అడుగుల ధ్యానబుద్ధుడు, పడమట ఎరుపు, ఘాట్ మెట్ల మీద తడిసిన కాళ్లతో మిరియం.

రెండో రోజు, సోమవారం, వీధి చివర బడిలో జెండా వందనం. పిల్లలు చాక్లెట్లు చప్పరిస్తూ వచ్చి గేటు బయట నిలబడి "కుక్కా, కుక్కా" అన్నారు. అది తోకూపింది. మధ్యాహ్నానికి నలుగురు లోపలికొచ్చారు, సాయంత్రానికి తొమ్మండుగురు.

ఆ రోజే మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ చూశాను. మామ్మగారు వంటింటి గడపకు ఇవతల పీట మీద కూర్చుని, సత్తు గిన్నెలో అన్నం మజ్జిగ పోసి మెత్తగా పిసికింది. గిన్నెను నేల మీద పెట్టి, చేత్తో కాకుండా పొయ్యూదే గొట్టంతో మిరియం వైపు నెట్టింది. మిరియం లేచి వచ్చింది. గిన్నె ముందు ఆగి, అన్నం వంక చూసి, తలతిప్పి నా వంక చూసింది. నేను తలూపాను. అప్పుడు తింది. గొట్టం గిన్నెకు ఆనించి పట్టుకుని, గిన్నె జరగకుండా కాచింది మామ్మగారు. ఖాళీ అయ్యాక నాతో అంది: "ఆకలేసి తినలేదమ్మాయ్, నిన్నడిగి తింది. మా మనవళ్లు అడగరు."

మూడో రోజు పొద్దున్నే ఆవిడే చెప్పింది, "అమరేశ్వరుణ్ణి చూసిరండి ఇద్దరూ. నేనుంటాగా." మిరియం ముందు ఒకేసారి చెప్పులేసుకున్నాం. అది లేచి నిలబడింది. మామ్మగారు "ఇటు రా" అంది. వెళ్లి పీట పక్కన కూర్చుంది. పంచారామాల్లో ఒకటైన ఆ గుడికి ఎన్నిసార్లు వెళ్లామో, ఈసారి మాత్రం మెట్లెక్కుతూ మావారు నాతో అన్నారు, తొమ్మిది రోజుల్లో ఇద్దరం కలిసి ఒక చోటికి రావడం ఇదే మొదలని. గంటన్నర తర్వాత వచ్చేసరికి అది అదే చోట, అదే వంగిన తోకతో.

అద్దె మూడు వేలు, పాలూ కూరగాయలూ 1,100, పెట్రోలు 550, గ్యాస్‌కు 150. మొత్తం 4,800. రోజుకు 1,600, మా పటమట ఇంట్లో ఖర్చు కంటే ఎంతో ఎక్కువ కాదు. బయల్దేరేటప్పుడు మావారు ఊరికే అడిగారు, నెలకైతే ఎంతిస్తారని. తొమ్మిది వేలంది మామ్మగారు. కార్లో ఆయన వారధి దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అన్నారు: "ఊరూరూ తిరక్కుండా, మూడు ఊళ్లు, ఊరికో నెల. మన కారే. దారిలో ఒక్కో రాత్రికి లాడ్జి."

"రాజస్థాన్‌లో మామ్మగారు ఎవరు?" అన్నాను.

"వెతుకుదాం."

పటమట, ఈ పొద్దున

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. అమరావతి నుంచి. బాగున్నారా, టిఫినయిందా అన్న ప్రశ్నల్లేవు. "కుక్కపిల్ల అన్నం తింటోందా?"

"తింటోందండీ."

"ఉగాదికి పోర్షనుకి సున్నం వేయిస్తున్నా. వేరేవాళ్లు అడుగుతున్నారు. వేసవిలో మీరొస్తారా, వాళ్లకిచ్చెయ్యనా?"

మావారు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. "మేమే తీసుకుంటామండీ. ఒక నెల. కరెంటు మీదా, మాదా?"

"మీదే. మజ్జిగన్నం మాత్రం నాది."

ఆయన లెక్కల పుస్తకం తెరిచి కొత్త పేజీ మీద తేదీ వేశారు.